లూజు ‘బీజీ-3’ పత్తి గింజలతో గులాబీ పురుగు ఆగదు

తమ్మీ, బీజీ-2 (పురుగును చంపే ప్రొటీన్లు చెట్టులోనే ఉండే బీటీ పత్తి) వేసినా నిరుడు కాయ తొలిచే గులాబీ పురుగు పడ్డదని, ఈసారి నర్సంపేట దిక్కు అమ్ముతున్న లూజు ‘బీజీ-3’ తీసుకోవాల్నా అని అడిగినవ్. తీసుకోకు. మన దగ్గర ఆ పేరుతో అమ్మేది గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టినా చావని పత్తి. అది కలుపు సంగతి, పురుగు సంగతి కాదు. మన దేశంలో పత్తికి 2002లో బీజీ-1, 2006లో బీజీ-2 అనుమతి పొందినయి. కలుపు మందు తట్టుకునే రకానికి జీఈఏసీ (జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ) అనుమతి లేదు. బిల్లు ఉండదు, మొలవకుంటే పరిహారం అడగనీకే దారుండదు.

బీజీ-2లోని రెండు ప్రొటీన్లకూ గులాబీ పురుగు అలవాటు పడ్డది. అందుకే కాపలా మన చేతుల్లోనే ఉండాలె. పూత మొదలయ్యేసరికి లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పెట్టు. ఒక్కో బుట్టలో రోజుకు ఎనిమిది రెక్కల పురుగులు, వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టే టైమొచ్చినట్టే. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు కనిపిస్తే తెంపి కాల్చెయ్. పచ్చికాయ కోసి లోపల కూడా చూడు, పైకి నున్నగానే ఉంటది. ప్యాకెట్‌లో కలిపిచ్చే నాన్-బీటీ (ఆ ప్రొటీన్లు లేని మామూలు పత్తి) గింజలను ఏరి పారేయకు, పురుగు బీటీకి అలవాటు పడుడు తగ్గించనీకే అవి ఇస్తరు. డిసెంబరు దాటినంక పంట లాగకు, పత్తి కట్టె పీకెయ్.