టెక్ సందేహాలు: కథ కాగితం మీద, ఆ తర్వాత కంప్యూటర్‌లోకి

ప్రశ్న: ఫోన్‌లో కథ రాయబోతే పది నిమిషాలకే వాట్సాప్‌లో తేలుతున్నాను. అందుకే నోట్‌బుక్‌లో నవలిక మొదలుపెట్టాను, వంద పేజీలు దాటింది. ఇప్పుడు టైపింగ్ అంటే టెన్షన్. ఫొటో తీస్తే తెలుగు చేతిరాతను టైపు అక్షరాలుగా మార్చే యాప్ ఉందా? (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: వంద పేజీలు పూర్తిచేశారంటే మీ పద్ధతి పనిచేస్తున్నట్టే, దాన్ని మార్చకండి. యాప్ విషయానికొస్తే, తెలుగు చేతిరాతను నమ్మకంగా చదివిపెట్టేది నాకింకా కనిపించలేదు. అచ్చయిన తెలుగు సంగతి వేరు. పేజీ ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు చాలావరకు సరిగానే వస్తాయి. చేతిరాత దగ్గరే చిక్కు. మన అక్షరానికి పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు. ద, ధ, థల మధ్య తేడా ఒక చుక్క, ఒక చిన్న గీత. వేగంగా రాస్తుంటే పై వరుస వత్తులు కింది వరుస తలకట్ల మీద పడతాయి. మనం వాక్యాన్ని బట్టి పోల్చుకుంటాం, యాప్ తడబడుతుంది. ఆ తప్పులు దిద్దే సమయంలో పేజీని మళ్లీ టైపు చేసుకోవచ్చు.

మీకు నేను చెప్పేది వాయిస్ టైపింగ్, అంటే మీరు పైకి చదువుతుంటే అదే టైపు అవుతుంది. గూగుల్ 2017లోనే తెలుగుకు దీన్ని ఇచ్చింది. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ నొక్కి, భాషగా తెలుగు ఎంచుకోండి. ఇక నోట్‌బుక్ చూస్తూ చదవడమే. కామాలు, ఫుల్‌స్టాప్‌లు మీరే పెట్టుకోవాలి. మీ పాత్రలు ఖమ్మం యాసలో మాట్లాడితే అక్కడ దిద్దుబాటు ఎక్కువే ఉంటుంది, ఆ సంభాషణలు టైపు చేయడమే నయం.

ఈ పనిని వేరేవాళ్లకు అప్పగించొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పైకి చదివినప్పుడే ఏ సంభాషణ అతకలేదో, ఏ పేరా సాగిందో చెవికి తెలుస్తుంది. అక్కడే ఆపి మార్చేయొచ్చు. మీ రెండో ప్రతి అలాగే తయారవుతుంది. మిగతా నవలికను వరుస విడిచి వరుస రాయండి, దిద్దుబాట్లకు చోటుంటుంది.

ప్రశ్న: చేతిరాత కోసం ఈ-ఇంక్ టాబ్లెట్ కొనమంటారా?

జవాబు: కాగితంలా కనిపించే దాని తెర కళ్లకు హాయిగా ఉంటుంది, చాలావాటిలో నోటిఫికేషన్ల గోల కూడా ఉండదు. కానీ మీరు రాసింది బొమ్మలాగే నిలవ ఉంటుంది. దాన్ని టైపు అక్షరాలుగా మార్చే సదుపాయం తెలుగుకు ఉందో లేదో కంపెనీ ఇచ్చే భాషల జాబితాలో చూశాకే డబ్బు పెట్టండి. తెలుగు లేకపోతే, కథ రాయడానికి నోట్‌బుక్ చేయని పని అది చేసేది తక్కువే.

ప్రశ్న: చెరిపితే పోయే జెల్ పెన్నుతో రాస్తున్నాను. కాగితాలు పాడవకుండా ఏం చేయాలి?

జవాబు: ముందు పెన్ను మార్చండి. ఫ్రిక్సియన్ లాంటి పెన్నుల్లో సిరా రాపిడి వేడికి కనిపించకుండా పోతుంది. సుమారు 60 డిగ్రీల వేడి తగిలితే చాలు, పేజీ మొత్తం తెల్లబడుతుంది. మే ఎండలో తలుపులు మూసిన కారు డాష్‌బోర్డు మీద పెట్టినా, లామినేషన్ చేయించినా అంతే. డీప్ ఫ్రీజర్‌లో పెడితే అక్షరాలు తిరిగి రావచ్చు గానీ, మీరు కావాలని చెరిపినవీ వాటితో పాటే వస్తాయి. మామూలు బాల్‌పెన్ సిరా అలా పోదు, తడిసినా అంత తేలిగ్గా చెదరదు.

తర్వాత, ప్రతి కాగితానికీ పేజీ నంబరు వేసి, ఏ రోజు రాసినవి ఆ రోజే గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్‌తో పీడీఎఫ్ చేసుకోండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక నవలకు ఎంతో ఎక్కువ. 1922లో పారిస్‌లోని గార్ ద లియోన్ రైల్వే స్టేషన్‌లో అమెరికన్ రచయిత హెమింగ్వే భార్య హ్యాడ్లీ సూట్‌కేసు పోయింది. ఆయన అప్పటిదాకా రాసినవి దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి, వాటి కార్బన్ కాపీలతో సహా. అందుకే నకలు వేరేచోట ఉండాలి. నోట్‌బుక్, ఫోన్ ఒకే సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్లు డ్రైవ్‌లోకి నిజంగా అప్‌లోడ్ అయిందో లేదో చూసుకోవాలి.

ప్రశ్న: డీటీపీ షాపులో టైపు చేయించిన కథ నా ఫోన్‌లో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తోంది.

జవాబు: డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్‌లో చేసి ఉంటారు, ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అలాగే కనిపిస్తుంది. ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమని అడగండి, కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు ఒకసారి సరిచూసుకోండి.