అది పిల్లి మీద కోపం కాదమ్మా

ఉత్తరం: మాది తాళ్లరేవు దగ్గర ఒక పల్లె. మా వారు, మా బావగారు కలిసి ఉమ్మడిగా రొయ్యల చెరువులు చేస్తారు. ఈసారి రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చి పంట పోయింది. బావగారు కూలీల ముందే "రాత్రి కాపలా కూడా కాయలేవా" అన్నారట. ఆ రాత్రే మా వారు గట్టు మీద తిరిగే నీటిపిల్లికి బైకు క్లచ్ వైరుతో ఉచ్చు వేశారు. అది చచ్చిపోయింది. తుంగలో దాని కూన దొరికితే ఇంటర్ చదివే మా అబ్బాయి తెచ్చి, పశువుల పాకలో గంప కింద పెట్టి ఆవుపాలు పోస్తున్నాడు. అప్పట్నుంచి తండ్రితో మాటల్లేవు. ఆయన కూర్చుంటే వీడు అన్నం దగ్గర్నుంచి లేచిపోతున్నాడు. వాడికి ఎలా నచ్చజెప్పాలి? కూనని పెంచుకోవచ్చా? పోనీ బావగారితో నేనే మాట్లాడనా?

జవాబు: కూన సంగతి ముందు చెప్తాను, అది ఆగదు కాబట్టి. పెంచుకోకూడదు. ఇంటిపిల్లికి రెండింతలయ్యే మడ అడవి జంతువు అది. వేళ్ల మధ్య పలుచటి చర్మంతో నీళ్లలో దిగి చేపని పట్టే రకం, మీ పాకలో ఇమడదు. ఆవుపాలు ఆపేయండి, విరేచనాలు పట్టుకుంటాయి. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి గుడ్డ కప్పి, చీకటిగా ఉన్నచోట ఉంచండి. ముద్దు చెయ్యొద్దు. ఈ రోజే కోరింగ అభయారణ్యం అటవీ సిబ్బందికి అప్పజెప్పండి. అబ్బాయికి గీరుడు గానీ పంటిగాటు గానీ పడిందేమో అడగండి. పడితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుక్కకాటుకి వేసే ఇంజక్షన్లే వేయించండి. చిన్న గీతేగా అని ఊరుకోవద్దు.

"అప్పజెప్తే తల్లి సంగతి అడగరా?" అంటారు. అడుగుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నీటిపిల్లి ఉన్నది పెద్దపులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే. చంపితే 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు. భయపెట్టాలని రాయడం లేదు. తెలిసిన లాయరుతో ఒక మాట మాట్లాడి, మీ వారే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాలి. కేసవుతుందన్న టెన్షన్‌తో కూనని ఏ కాలవ గట్టునో వదిలేసి రమ్మని నేను చెప్పను. మిగతా ఉచ్చులుంటే ఈ పూటే పీకేయించండి.

ఇక అబ్బాయికి నచ్చజెప్పడమా? వద్దు. బతిమాలకండి, కసరకండి, వాడి కంచం వేరుగా పెట్టాల్సి వస్తే పెట్టండి. వాడి దగ్గర తప్పేమీ లేదు.

మీరు దారినపోతూ రాసినట్టు రాశారు ఒక వాక్యం, కూలీల ముందు బావగారు అన్న మాట. నా కంటికి మీ ఉత్తరంలో అసలు సంగతి అదే. వైట్ స్పాట్ పిల్లి తెచ్చింది కాదు. చెరువులో వదిలే రొయ్యపిల్లలతో, అదే సీడ్‌తో వస్తుంది, నీటితో వస్తుంది, పీతలు మోసుకొస్తాయి. అందుకేగా గట్టు చుట్టూ పీతలు దాటకుండా వల కడతారు! ఆ పీతల్నీ, గట్టుకి బొరియలు పెట్టే ఎలుకల్నీ తినేది ఈ పిల్లే. ఏళ్ల తరబడి చెరువు మీద బతికిన మనిషికి ఇది తెలియదా? తెలుసు. తెలిసీ వైరు చుట్టాడంటే ఆ రాత్రి ఆయన చేతుల్లో ఉన్న కోపం వేరే. అన్నగారి ముందు మింగిన కోపం. "పెదనాన్న ముందు నోరు విప్పని నాన్న, నోరు లేనిదాని మీద ప్రతాపం చూపించాడు" అని మీవాడు లోపల అనుకుంటున్నాడు. పదిహేడేళ్ల మగపిల్లాడికి అంతకు మించిన తలవంపు ఉండదు.

అన్న అంటే తండ్రి తర్వాత తండ్రి. మన ఇళ్లల్లో అలాగే పెంచుతారు, నేను కాదనను. కానీ తండ్రిలాంటివాడు లెక్క చెప్పాలి కూడా. మీ ఉత్తరమంతా వెతికాను, ఉమ్మడి చెరువుల్లో మీ వాటా ఎంతో, మేత కొట్లో బాకీ ఎవరి పేరున ఉందో ఒక్క ముక్క లేదు. మీకు తెలియదనే అనుకుంటున్నాను, బహుశా మీ వారికీ తెలియదు. లాభం వస్తే అన్నగారి తెలివి, నష్టం వస్తే తమ్ముడి కాపలా. ఇది ఉమ్మడి వ్యాపారం కాదమ్మా, జీతం లేని పాలేరుతనం.

మీ వారితో నెమ్మదిగా చెప్పండి. పిల్లి ఊసు ఎత్తొద్దు, కొడుకు ఊసు అసలే వద్దు. "నలుగురిలో ఆయన అలా అంటే నాకు అన్నం దిగలేదు" అనండి, చాలు. తర్వాత అన్నదమ్ములిద్దరూ అన్నం తిని తీరిగ్గా ఉన్న పూట, మేనమామనో వరసకు పెద్దవాళ్లనో కూర్చోబెట్టుకుని మీ వారు లెక్కల పుస్తకాలు అడగాలి. గొడవ పడనక్కర్లేదు, విడిపోనక్కర్లేదు. నా వాటా ఎంత, నా పేరున అప్పెంత అని అడిగితే చాలు. తలుపు పక్కన మీవాడు వింటుంటే విననివ్వండి, తరమొద్దు. కూనని అప్పజెప్పడానికి ఆయన వెళ్లేటప్పుడు వాణ్ని రమ్మని అడగమనండి. వస్తే వస్తాడు, లేకపోతే ఆయనొక్కడే వెళ్తాడు.

బావగారితో మీరు మాట్లాడొద్దు. మీరు వెళ్తే రేపు మీ తోటికోడలు "మా మరిదికి నోరు లేక పెళ్లాన్ని పంపాడు" అంటుంది, ఆ మాట మళ్లీ మీ వారి నెత్తినే పడుతుంది. మీ పుట్టింటివాళ్లనీ దింపకండి. ఆయనే వెళ్లాలి, అదీ కొత్త సీడ్ వదిలేలోగా. సీడ్ పడ్డాక నీటికి గాలి పట్టించే ఏరేటర్లు, మేత, తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రేలు అంటూ మూడు నాలుగు నెలలు ఇద్దరికీ తీరిక దొరకదు.