రాళ్ల మీద వెంట్రుకల నాచు: మందుకంటే ముందు చేతిపని

రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) రాళ్ల మీద పచ్చటి నాచు వెంట్రుకల్లా పెరుగుతోందని, పరీక్షలో మాత్రం నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తున్నాయని రాశారు. ఆ సున్నాను నమ్మకండి. నీటిలో చేరే పోషకాలను నాచు ఎప్పటికప్పుడు పీల్చేసుకుంటుంది కాబట్టి పరీక్షకు ఏమీ మిగలదు.

ముందు చేతులతో పీకండి. వీలైతే రాయిని బయటికి తీసి, ట్యాంకులోంచి తీసిన ఉప్పునీటి బకెట్‌లో పళ్ల బ్రష్‌తో రుద్దండి. ట్యాంకులోనే రుద్దితే తెగిన ముక్కలు కొట్టుకుపోయి మరోచోట మొలుస్తాయి. రాయి కదలకపోతే, సన్నని గొట్టంతో నీటిని బయటికి లాగుతూ అక్కడే పీకండి. విసుగు పుట్టించే పనే, అయినా దీన్ని మించింది లేదు. నాచు తినే టర్బో నత్తలను ఆ తర్వాతే వేయండి. నాచు పొడవుగా ఉంటే అవి చాలావరకు ముట్టవు.

ఇక మూలం. మీరు పోసే ఆర్‌ఓ నీటిని టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగి ఉన్న పదార్థాలను కొలిచేది) చూడండి. సున్నా రాకపోతే, ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ మార్చండి. మేత తగ్గించండి, నురుగుతో మురికిని బయటికి తీసే స్కిమ్మర్ కప్పు కడగండి.

ఫాస్ఫేట్‌ను పట్టే జీఎఫ్‌ఓను (ఐరన్ ఆక్సైడ్ గుళికలను) మాత్రం ఒక్కసారిగా ఎక్కువ వేయవద్దు. ఫాస్ఫేట్ హఠాత్తుగా పడిపోతే పగడాలు దెబ్బతింటాయి. పోషకాలు నిజంగానే అడుగంటితే డైనోఫ్లాజెల్లేట్లు (జిగటగా పరుచుకునే సూక్ష్మజీవులు) రావచ్చు, అవి ఈ నాచుకంటే మొండివి. నాచు తగ్గాక నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దరిదాపుల్లో ఉంటే చాలు.

పోగులు ఈకల్లా చీలి ఉంటే అది బ్రయోప్సిస్ అనే మరో రకం నాచు కావచ్చు, దానికి దారి వేరు. ఒక పోగును దగ్గరి నుంచి ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.