కణాలు కదులుతాయా, మెదులుతాయా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి ఒడియా మీడియం. బడిలో సైన్సు పాఠంలో ‘కఠిన’, ‘తరళ’ పదార్థాలని నేర్పారు. ఇంట్లో నేను ‘ఘన’, ‘ద్రవ’ అంటాను. అన్నీ సంస్కృతమే కదా, తెలుగులోనూ కఠిన, తరళ అని రాస్తే తప్పా? ఇంకొకటి. ఘనపదార్థంలో కణాలు కదలవని వాడంటే, కంపిస్తాయని దిద్దాను. రెండూ ఒకటి కాదా అంటున్నాడు. ఏం చెప్పను?

సమాధానం: అమ్మా, ముందు మీ వాడి ప్రశ్న చూద్దాం, అది చాలా మంచి ప్రశ్న. అల్లరి చేసే పిల్లల్ని ‘కదలకుండా మెదలకుండా కూర్చో’ అంటాం. కదలడమంటే ఉన్న చోటు విడవడం. బండి కదిలింది అంటాం కానీ మెదిలింది అనం. మెదలడమంటే ఉన్న చోటే అటూ ఇటూ కావడం. జ్ఞాపకం మనసులో మెదులుతుంది. ఘనపదార్థంలో కణాలు చేసేదీ అదే. పక్కవాటి పట్టు వదలవు, ఊరికే ఉండవు. మీ వాడన్నట్టు చోటు మారవన్న మాట చాలావరకు నిజమే. అక్కడితో ఆపేస్తే మాత్రం అవి నిశ్చలంగా ఉంటాయన్న అర్థం వస్తుంది, అది తప్పు. పుస్తకాల మాట ‘కంపిస్తాయి’. మీరు ‘మెదులుతాయి’ అని చెప్పండి. వాడుక మాటకు రాతలో చోటుండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది, మొహమాటం అక్కర్లేదు.

ద్రవానికి ‘జరగడం’ సరిపోతుంది. కిక్కిరిసిన బస్సులో ‘కాస్త జరగండి’ అంటాం చూడండి, గుంపు విడిపోదు, చోట్లు మారతాయి. వాయువుకు ‘పరుగు’ అన్నా చాలదేమో. గాలిలోని నత్రజని అణువుల వేగం మామూలు వేడిలోనే సెకనుకు సుమారు 500 మీటర్లు. కాకపోతే అడుగడుగునా ఢీకొని దారి మారుతుంటాయి.

చలికాలంలో కొబ్బరినూనె పేరుకుంటుంది కదా, ఆ సీసా ఎండలో పెట్టి వాణ్ణి పక్కన కూర్చోబెట్టండి. ముందు అంచుల వెంట కరుగుతుంది, నడుమ తెల్లటి ముద్ద మిగులుతుంది. వేడికి మెదలడం ఎక్కువై, పట్టు సడలి, జరగడం మొదలయ్యే చోటు ఆ అంచే.

ఇక కఠిన, తరళ. తెలుగులో కఠినమంటే గట్టిది, కరుకుది: కఠిన శిక్ష, కఠినమైన ప్రశ్న. వెన్నముద్ద ఘనపదార్థమే, దాన్ని కఠినమని ఏ తెలుగువాడూ అనడు. తరళమంటే మనకు చలించేది, తళుక్కుమనేది. ఆ పేరుతో పద్యాల్లో ఒక వృత్తమే ఉంది. ఒడియావారు ఆ మాటకు ద్రవమనే అర్థం స్థిరపరుచుకున్నారు, అది వారి భాషకు సొగసు. మనం ‘ద్రు’ ధాతువు నుంచి వచ్చిన ద్రవాన్ని తీసుకున్నాం. పరుగెత్తడం, పారడం దాని అర్థం.

‘ఘన’ అంటే ఘన స్వాగతంలా గొప్పదేమో అని పిల్లలు తికమకపడతారు. మీ వాడికి ఒడియాతోనే చెప్పండి. దట్టమైన అడవిని ఒడియాలో ‘ఘన జంగల’ అంటారు. చెట్లు ఒత్తుగా ఉన్నట్టే, ఘనపదార్థంలో కణాలూ ఒత్తుగా ఉంటాయి.

బడిలో వాడు కఠిన, తరళ అనే రాయాలి, అక్కడ అవే సరైన మాటలు. తెలుగులో రాసేటప్పుడు మాత్రం ‘కఠిన పదార్థం కరిగి ద్రవమైంది’ అని కలిపి రాస్తే, దిద్దకుండా వదలకండి.