సాక్షి సంతకం పెట్టినంత మాత్రాన ఆ అప్పు మీది కాదు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. పాప ఎనిమిది, బాబు నాలుగు చదువుతున్నారు. మా ఆయన చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్లి మొదట్లో నెలనెలా ఫోన్‌పేలో డబ్బు పంపేవారు. ఏడాదిన్నరగా పైసా లేదు, ఫోన్ ఎత్తరు. అక్కడ ఇంకో కాపురం పెట్టారని ఊళ్లో అంటున్నారు. నేను జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచేదాన్ని, ఆ పనీ ఆగిపోయింది. మా ఆయన ఊళ్లో ఒకరి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,20,000 తెచ్చి నోటు రాసిచ్చారు. అందులో నేను సాక్షి సంతకం పెట్టాను. వచ్చే నెలకు ఆ నోటుకు మూడేళ్లు. అప్పిచ్చినాయన రోజూ ఇంటికొచ్చి, "నువ్వూ సంతకం ఎట్టినావు కదేటి, నువ్వే తీర్చాల" అంటున్నాడు. ఐదొందలైనా ఇచ్చి నోటు వెనక చెల్లు వేయమంటున్నాడు, లేదంటే నా పేరున కొత్త నోటు రాయమంటున్నాడు. పోలీసుల్ని తెస్తా, ఇంటికి తాళం వేస్తా అని బెదిరిస్తున్నాడు. ఇది కాక డ్వాక్రా అప్పు, వారం వారం కట్టే ఫైనాన్స్, బ్యాంకులో బంగారం తాకట్టు ఉన్నాయి. నన్ను జైల్లో పెడతారా? దేనికి ముందు కట్టాలి?
ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు చెల్లు సంగతి, అంటే కొంత కట్టినట్టు నోటు వెనక రాసి సంతకం చేయడం గురించి చెబుతాను. దానికి నెల రోజులే గడువుంది. ఆ నోటు వెనక మీరు సంతకం పెట్టవద్దు. కొత్త నోటు అసలే రాయవద్దు.

ఆయన లక్షా ఇరవై వేలు వదిలేసి ఐదొందల కోసం రోజూ మీ గుమ్మం ఎందుకు తొక్కుతున్నాడో ఆలోచించారా? ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం మూడేళ్లు గడువిచ్చింది. ఆ లోపు బాకీదారు ఎంతో కొంత కట్టి, కట్టినట్టు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్క మొదలవుతుంది. ఆయనకు కావలసింది ఆ ఐదొందలు కాదు, ఆ మూడేళ్లు. చట్టం ప్రకారం చెల్లు వేయాల్సింది బాకీ ఉన్న మనిషి, లేదా అతను అధికారం ఇచ్చిన ఏజెంటు. మీరు ఆ రెండూ కాదు. అయినా మీ సంతకం పడిందంటే, "భర్త తరఫున ఈవిడే కడుతోంది, ఆ అధికారం ఆయనే ఇచ్చాడు" అని రేపు కోర్టులో వాదించడానికి ఒక కాగితం పుడుతుంది. ఇక మీ పేరున నోటు రాశారంటే వాదన కూడా అక్కర్లేదు, బాకీదారు మీరే. మీ ఆయన మీద కేసుకు కాలదోషం పట్టబోతోంది, అంటే గడువు దాటిపోబోతోంది కాబట్టి దాన్ని మీ నెత్తికి మార్చాలని చూస్తున్నాడు, అంతే.

సాక్షి అంటే "ఈ మనిషి సంతకం చేస్తుంటే నేను చూశాను" అని చెప్పే మనిషి. అప్పు తీర్చాల్సింది నోటు రాసినవారు, హామీ సంతకం ఉంటే హామీదారు. భార్య అయిన పాపానికి భర్త చేబదులు భార్య మీదకు రాదు. (ఒకవేళ భర్త చనిపోయినా, ఆయన ఆస్తి మీ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే వారసుల బాధ్యత. ఇది కూడా చాలామందికి తెలియక పుట్టింటి బంగారం అమ్మి కడుతుంటారు.)

అయితే ఒకటి చూసుకోండి. నోటు జిరాక్స్ అడగండి, ఇవ్వకపోతే చూపించమని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కింద ఎడమవైపు "సాక్షులు" అని రాసి 1, 2 అని వేసిన చోట మీ పేరుంటే గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. రెవెన్యూ స్టాంపు మీద మీ ఆయన సంతకం పక్కన మీదీ ఉంటే మాత్రం కథ వేరు, అప్పుడు మీరూ బాకీదారే. నోటు తిప్పి వెనక కూడా చూడండి. మీ ఆయన డబ్బు పంపుతున్న రోజుల్లో ఎప్పుడైనా చెల్లు వేసి ఉంటే, మూడేళ్లు ఆ తేదీ నుంచి లెక్క.

జైలు మాటకొస్తే, డబ్బు బాకీ సివిల్ తగాదా. దాన్ని వసూలు చేసే అధికారం పోలీసులకు లేదు. కోర్టు డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు) ఇచ్చినా, డబ్బు డిక్రీ అమలు కోసం ఆడమనిషిని అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ సూటిగా చెబుతోంది. అదే చట్టం 60వ సెక్షన్ ప్రకారం వంట గిన్నెలు, పరుపులు, కట్టుబట్టలు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి నుంచి తీయని పుస్తెల్లాంటి నగలు జప్తు చేయకూడదు. కూలి పని చేసుకునేవారు తాము ఉంటున్న సొంత ఇంటికీ ఆ రక్షణ ఉంది, ఆ అప్పుకు ఇల్లు తనఖా పెట్టి ఉండకపోతే. కోర్టు ఆర్డరు లేకుండా ఎవరైనా వచ్చి తాళం వేస్తే తప్పు చేసింది వాళ్లు. అప్పుడు 112కి ఫోన్ చేయండి. బెదిరింపులను ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి.

చెక్కు విషయంలో మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. ఎవరికైనా సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే నాకు ఆ సంగతే ముందు చెప్పాలి మీరు. చెక్కు బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు, ఆడవాళ్లకు మినహాయింపు లేదు. లాయరు నోటీసు అందాక కట్టడానికి 15 రోజులే గడువు.

అప్పిచ్చినాయన నిజంగా దావా వేస్తే సమన్లు తీసుకోండి. కోర్టు అమీనా వచ్చాడని తలుపేసుకుంటే నోటీసు గోడకు అంటించి వెళ్తారు, అది మీకు అందినట్టే లెక్క. 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. చేయకపోతే మీరు చెప్పేది వినకుండానే డిక్రీ అయిపోతుంది. సాక్షిగా సంతకం చేసిన పాపానికి బాకీదారైపోయిన ఆడవాళ్లలో చాలామంది ఇలా కోర్టుకు రాక ఓడినవాళ్లే. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం చెబుతోంది. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా చాలు.

ఇక మిగతా అప్పులు. అవి మీ సంతకం మీద ఉన్నవి, కాబట్టి కట్టాల్సినవే. కానీ అందరికీ తలా కొంచెం ఇచ్చుకుంటూ పోతే ఏదీ తీరదు. గట్టిగా అరిచేవాడికి ముందు ఇవ్వడం మన ఇళ్లలో అలవాటు. నన్నడిగితే మీరు ముందు డ్వాక్రా కట్టండి. రేపు తక్కువ వడ్డీకి మళ్లీ అప్పు దొరికే చోటు అదొక్కటే, పైగా మీరు కట్టకపోతే పక్కింటి అక్కచెల్లెళ్ల పొదుపు మీద పడుతుంది. అయితే నెల కంతు మొత్తం కట్టలేనని మీటింగులో చెప్పి, తగ్గించి కట్టడానికి ఒప్పుకున్నట్టు మినిట్స్ పుస్తకంలో రాయించండి. నోటి మాట ఉంచుకోవద్దు. తర్వాత బంగారం. అసలు తీర్చలేకపోయినా వడ్డీ కట్టి తిరిగి పెట్టించుకోండి. వేలం వేస్తే ముందు మీకు నోటీసు రావాలి, బాకీ పోను మిగిలింది మీకే ఇవ్వాలి.

వారం ఫైనాన్స్ వాళ్లతో మాత్రం కాగితం మీద మాట్లాడండి. రిజర్వు బ్యాంకు 2022 నియమాల ప్రకారం మైక్రోఫైనాన్స్ కంపెనీ ఇంటి మొత్తం అప్పుల కంతులు నెల ఆదాయంలో సగం మించేలా అప్పు ఇవ్వకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. తిట్టకూడదు, బంధువుల దగ్గరకెళ్లి పరువు తీయకూడదు. ఒప్పుకున్న చోటికి మీరు వరుసగా రెండుసార్లు, అంతకు మించి రాకపోతేనే వాళ్లు ఇంటికి రావాలి. పని పోయిందని, భర్త వదిలేశాడని రాసి కంతు తగ్గించమని అర్జీ పెట్టి రశీదు తీసుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, ఫోన్ నంబరు 14448. ఒక జాగ్రత్త: మీ ఖాతా నుంచి వాళ్లకు ఆటో డెబిట్ ఉంటే, అందులో డబ్బు లేక తిరిగి వెళ్లినా చెక్కు బౌన్స్ లాంటి కేసే అవుతుంది. కాబట్టి చెప్పకుండా ఖాతా ఖాళీ చేయవద్దు, అర్జీ ముందు పెట్టండి.

ఇప్పటిదాకా పోయే డబ్బు గురించి మాట్లాడాం. రావలసింది కూడా ఉంది, దాన్ని అడగడానికే మన ఆడవాళ్లు సిగ్గుపడతారు. మీ ఆయన మీద మనోవర్తి (పోషణ ఖర్చు) కేసు వేయండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షనే 2024 జూలై నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 144గా వచ్చింది. మీకూ పిల్లలకూ కలిపి అడగవచ్చు. దానికి చెన్నై వెళ్లక్కర్లేదు, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. కేసు తేలేలోపు మధ్యంతర భృతి అడగండి. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టం, ఆచరణలో ఇంకాస్త లాగుతుంది. కానీ 2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భృతిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది. అంటే మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. "నాకు పని లేదు" అని ఆయన అంటే కుదరదు. ఒళ్లు బాగున్న మగవాడు కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో అంజూ గార్గ్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఆయన సంపాదన నిరూపించడానికి మీ ఫోన్‌పే స్టేట్‌మెంట్ చాలా పనికొస్తుంది. ఏ నెల ఎంత పంపాడో తేదీలతో సహా ఉంటుంది, ఇవాళే ప్రింటు తీయించండి. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు తెలిస్తే రాసి పెట్టుకోండి. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే వారంటుతో వసూలు చేయిస్తారు, అప్పటికీ ఇవ్వకపోతే జైలు ఆయనకు. రెండో కాపురం మీద కేసు వేయాలని ఊళ్లో వాళ్లు ఎగదోస్తారు. అది తర్వాత చూద్దాం. దాని వెంట పడితే పిల్లల అన్నం సంగతి వెనకబడుతుంది.

సచివాలయంలో ఒంటరి మహిళ పింఛనుకు మీ అర్హత అడగండి, ప్రస్తుతం నెలకు 4,000. పిల్లలకు తల్లికి వందనం డబ్బు పడే ఖాతాకు ఫైనాన్స్ ఆటో డెబిట్ తగిలించి ఉందేమో బ్యాంకులో కనుక్కోండి, ఉంటే ఆధార్ లింకు వేరే ఖాతాకు మార్పించుకోండి. ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. పిల్లల కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్యలో భర్త వదిలేసిన తల్లి పిల్లలకు స్పాన్సర్‌షిప్ కింద ఒక్కొక్కరికి నెలకు 4,000 ఇచ్చే వీలుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. నిధులను బట్టి మంజూరవుతుంది కాబట్టి వెంటపడి అడగాలి.

అప్పిచ్చినాయన ఈ లోపు పెద్దల్లో పెట్టిస్తాడు. పిలిస్తే వెళ్లండి, వెళ్లకపోతే మీదే తప్పంటారు. మీ అన్నదమ్ముల్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి. "నోటు రాసినాయన చెన్నైలో ఉన్నాడు, అడ్రసు ఇస్తాను, ఆయన్ని అడగండి" అని మర్యాదగా చెప్పండి. అక్కడ ఎంత పెద్దమనిషి పెన్ను చేతికిచ్చినా తెల్ల కాగితం మీద గానీ, రాసిన కాగితం మీద గానీ సంతకం పెట్టకుండా ఇంటికి రండి.