నాలుగు లైన్ల కోడ్‌కు నెల రోజులా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. మా వాడు ఈసీఈ మూడో సంవత్సరం. తోటి పిల్లలంతా ప్లేస్‌మెంట్ కోచింగ్‌కు పోతుంటే వీడు తెల్లవార్లూ కూర్చుని ‘లైనక్స్ కెర్నల్‌లో డ్రైవర్ కోడ్ శుభ్రం చేస్తున్నా’ అంటాడు. నెల రోజులకు పంపింది నాలుగు లైన్లంట, అదీ వెనక్కి వచ్చిందంట. పైసా రాదు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించొద్దన్నా. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అందులో నడిచేది లైనక్స్ కెర్నలే. కెర్నల్ అంటే ఫోన్ భాగాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రామ్. కెమెరా, వైఫై, టచ్ లాంటి ఒక్కో భాగాన్ని దానితో కలిపే కోడే డ్రైవర్. కెర్నల్ కోడ్‌లో సగానికి పైగా ఇవే ఉంటాయి. పనిచేస్తున్నా రాత సరిగా లేని డ్రైవర్ల కోసం 2008లో ‘స్టేజింగ్’ అనే విభాగం పెట్టారు. చాలామంది కొత్తవాళ్లకు అక్కడే చేయి తిరుగుతుంది.

మొదట స్పేస్‌లు, ట్యాబ్‌లు సరిచేస్తారు. అవి ‘చెక్‌ప్యాచ్’ అనే స్క్రిప్ట్ పట్టిచ్చే తప్పులే. అక్కడే ఆగిపోతే మీ భయం నిజమే. అసలు పని ఆ తర్వాత ఉంది. ఉదాహరణకు ఒక డ్రైవర్ మొదలవగానే కొంత మెమరీ తీసుకుంటుంది, ఆపైన ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) అడుగుతుంది. అది దొరక్కపోతే ఎర్రర్ చెప్పి బయటికి వచ్చేస్తుంది, తీసుకున్న మెమరీ మాత్రం తిరిగి ఇవ్వదు. ఇచ్చే లైను రాయడానికి నిమిషం చాలు. అది లేదని కనిపెట్టాలంటే ప్రతి ‘రిటర్న్’ (బయటికి వచ్చేసే లైను) దగ్గరా ఆగి ఫంక్షన్, అంటే ఆ కోడ్ ముక్క, మొత్తం చదవాలి. నెల పోయేది అక్కడే.

మెయింటెయినర్, అంటే ఆ కోడ్ బాధ్యత చూసే వ్యక్తి, తప్పు చూపించి తిప్పి పంపడం అక్కడ మామూలే. సరిచేసి ‘వీ2’ (రెండో వెర్షన్) అని మళ్లీ పంపాలి. ఎందుకు మార్చాడో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయాలి. మన పిల్లలు ఇంటర్వ్యూలో తడబడేదీ ఇలా వివరించమన్నప్పుడే. దాన్ని కెర్నల్‌లోకి తీసుకున్నాక ఆ మార్పు వాడి పేరు మీదే నిలిచిపోతుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు.

అయితే క్యాంపస్‌కు వచ్చే సర్వీస్ కంపెనీలు మామూలుగా ఇవి అడగవు, ఆప్టిట్యూడ్, కోడింగ్ టెస్టే పెడతాయి. రోజూ రెండు గంటలు వాటికి పెట్టాల్సిందేనని గట్టిగా చెప్పండి. డ్రైవర్లు తెలిసినవాళ్లు కావలసింది చిప్, ఎంబెడెడ్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్ చేసే) కంపెనీలకు. బెంగళూరు మీకు నాలుగైదు గంటల దారే కదా. మూడో ఏడాదిలోనే వాటికి ఇంటర్న్‌షిప్ కోసం వాడే అప్లై చేసుకోవాలి.

తెల్లవార్లూ మేలుకోవడానికి ల్యాప్‌టాప్ కూడా కారణం కావచ్చు. పాతదైతే కెర్నల్ మొత్తం కంపైల్ కావడానికి, అంటే రాసిన కోడ్ నడిచే ప్రోగ్రామ్‌గా మారడానికి, గంటలు పడుతుంది. వీలైతే ర్యామ్ పెంచి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. ఆ రెండూ ఉంటే పని కొంత తొందరగా అవ్వొచ్చు.