తక్కువ జీతంలో సహజమైన తిండి: గోదావరి లంక ఊళ్లో మా ఇంటి పద్ధతి

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇదీ: రామచంద్రపురంలో అద్దె ఇల్లు, ఆయన జీతం 16,000, ఇద్దరు పిల్లలు. ఆర్గానిక్ బియ్యం, గానుగ నూనె, చిరుధాన్యాలు, తేనె కొంటూ పోతే జీతం సగం వాటికే సరిపోతోంది. డబ్బున్నవాళ్లకేనా ఈ సహజమైన బతుకు? ఆర్గానిక్ బియ్యం మానేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టా?

మాది కొత్తపేట వైపు, గోదావరి పాయల మధ్య లంక ఊరు. మా ఆయనది కౌలు సేద్యం, నేను ఇంట్లో మిషన్ కుడతాను. మీకంటే మా రాబడి ఎక్కువేం కాదు. మా ఇంట్లో ఎలా గడుస్తుందో చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి. ముందు ఒక్క మాట. సహజం అని చీటీ అంటించి అమ్మేదంతా పక్కన పెట్టండి. మన డెల్టాలో ఏ నెలలో ఏది చవగ్గా దొరుకుతుందో కనిపెట్టి అది తింటే చాలు, ఖర్చు తగ్గుతుంది, తిండీ బాగుపడుతుంది.

బియ్యంతో మొదలుపెడతాను, మనం మూడు పూటలా తినేది అదే కాబట్టి. సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక ధాన్యం రైతు కళ్లంలోనే కొనుక్కోండి. 75 కిలోల బస్తా మీకొక్కరికే ఎక్కువనుకుంటే పక్కవాటావాళ్లతో కలిసి పంచుకోండి. ఊళ్లో చిన్న మిల్లులో సింగిల్ పాలిష్, అంటే గింజ పైపొర కొంత మిగిలేలా పట్టమంటే దగ్గరదగ్గర 50 కిలోల బియ్యం వస్తాయి. తవుడు మిల్లాయనకు వదిలేస్తే పట్టుకూలి తగ్గించేవాళ్లూ ఉన్నారు. ఒక్కటి గుర్తుంచుకోండి, పైపొర ఉన్న బియ్యం త్వరగా పురుగు పడుతుంది, ఆ పొరలో ఉండే నూనె వల్ల ముక్క వాసన కూడా వస్తుంది. అందుకని ఒకేసారి ఆడించొద్దు, నెలకు సరిపడా పట్టించుకోండి. వండే ముందు గంటసేపు నానితే అన్నం మెత్తగా ఉంటుంది, పిల్లలు పేచీ పెట్టరు.

ఆ పొర కోసం ఇంత శ్రమ ఎందుకంటారా? హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైంది, అదీ బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానంగా తిని, బి1 విటమిన్ అందక వచ్చే జబ్బు అది. మన కోస్తా జిల్లాలు దాన్ని చూసినవే. బి1 నీళ్లలో కరిగిపోతుంది, అందుకే గంజి పారబోయొద్దంటాను. మా ఇంట్లో గంజి చద్దన్నంలో కలుస్తుంది. రాత్రి మిగిలిన అన్నంలో గంజీ, కాసిని నీళ్లూ పోసి, చెంచాడు మజ్జిగ తోడేసి మూతపెడతాం. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఎప్పుడైనా మాగాయ టెంక. మా పిల్లలు దాంతోనే బడికి వెళ్తారు. హోటల్ ఇడ్లీకి పెట్టే డబ్బు వారం దాచి చూడండి, పిల్లల గుడ్లకు సరిపోతుంది.

రేషన్ బియ్యం తీసుకోవడానికి చిన్నతనం పడకండి. అందులో తేలే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు చాలామంది. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసిన గింజలు, 100 గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. పిల్లల రక్తానికి మంచివి, వాటిని పారేస్తుంటే చూడలేను. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం డాక్టరుని అడిగి వాడాలి.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తాను, తెలగపిండి. గానుగలో నువ్వులాడి పప్పునూనె తీశాక మిగిలే చెక్క అది. లీటరు గానుగ నూనె కొనే స్తోమత మనకు లేకపోయినా, ఆ గానుగ దగ్గరే తెలగపిండి చవగ్గా దొరుకుతుంది. నువ్వుల్లోని మాంసకృత్తులు దాదాపు అన్నీ అందులోనే మిగిలిపోతాయి. బాలింతలకు మన పెద్దవాళ్లు ఊరికే పెట్టేవారు కాదు. మునగాకు దూసి, ఉప్పు, పసుపు వేసిన నీళ్లు మరిగాక అందులో వెయ్యండి. ఆకు మెత్తబడ్డాక తెలగపిండి చల్లి, పొడిపొడిగా అయ్యేదాకా సన్నసెగ మీద మగ్గనివ్వండి. చివర్లో వెల్లుల్లి దండిగా వేసి ఎండుమిర్చి, మినప్పప్పు, ఇంగువతో పోపు. వేడన్నంలో కలుపుకుంటే ఇంకే కూరా అక్కర్లేదు. జాగ్రత్త ఏమిటంటే, పశువుల దాణా కొట్లో అమ్మే చెక్క వద్దు. మనుషులు తినడానికని తాజాగా ఆడిన దగ్గరే అడిగి తెచ్చుకోండి. బూజు వాసన తగిలితే పారేయండి, డబ్బు పోయిందని చూడొద్దు.

మునగాకు మీ వీధిలోనే ఎవరి పెరట్లోనో ఉంటుంది, అడిగితే కాదనే ఇల్లు మన వైపు తక్కువ. పొన్నగంటి, గంగవావిలి గట్ల మీద వాటంతటవే మొలుస్తాయి. వాటిని ఎక్కడ కోస్తున్నారో చూసుకోండి. కలుపు మందు కొట్టిన చేలగట్టు మీదా, రొయ్యల చెరువుల నీళ్లు వదిలే మురుగు కాలువ పక్కనా కోయకండి. అది మీకు కుదరకపోతే ఒక సిమెంటు సంచిలో మట్టి నింపి బచ్చలి కాడ గుచ్చండి, విత్తనం కూడా కొనక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్లు పోస్తే చాలు, డాబా మీద దడి కట్టేస్తుంది. సంతలో కంద ముక్క తెచ్చుకుంటే కందబచ్చలి అయిపోయింది. కోయని కందగడ్డ వారాల తరబడి నిలవుంటుంది, ఫ్రిజ్ లేని ఇంటికి అంతకంటే మంచి కూర లేదు.

అరటి సంగతి అందరికీ తెలుసు గానీ వాడుకునేవాళ్లే తగ్గారు. గెల కోశాక ఆ చెట్టు మళ్లీ కాయదు, నరికి పడేస్తారు. దాని దూట, అంటే లోపలి తెల్లటి కాడ, అడిగితే ఊరికే ఇచ్చే రైతులు మా లంకల్లో ఎంతమందైనా ఉన్నారు. చక్రాలుగా కోస్తూ మధ్యలో వచ్చే పీచుని వేలికి చుట్టి తీసేసి, నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేసుకోవాలి. పెసరపప్పుతో కూరైనా, ఆవ పెట్టి చేసినా బాగుంటుంది. పువ్వు బాగుచెయ్యడానికి ఓపిక కావాలి, ఆదివారానికి అట్టేపెట్టుకోండి. రావులపాలెం మార్కెట్లో గెల నుంచి విడిపోయిన అత్తాలు (హస్తాలు) తక్కువకే వస్తాయి. పిల్లలకు పండు కొనాలంటే ఆపిల్ వైపు చూడొద్దు, కర్పూర చక్కెరకేళి చాలు. జామ రోజుల్లో జామ, వేసవిలో తాటిముంజలు.

పుస్తెలమ్మైనా పులస తినమన్నారు పెద్దలు, మన జీతాలకు ఆ మాట పనికిరాదు. చెరువులు పట్టుబడి పట్టే రోజుల్లో శీలావతి, బొచ్చె ఎంత చవకో చూడండి. ఇంకా చవక పరిగెలు. ముళ్లతో సహా నమిలి తినేస్తాం కాబట్టి ఎముకలకు కావలసిన కాల్షియం కూడా వాటితో వస్తుంది. ఎండు నెత్తళ్లు వంకాయలో వేస్తే రుచే వేరు, కానీ ఉప్పెక్కువ. వేడినీళ్లలో నానబెట్టి కడిగి వాడండి, ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే తగ్గించండి.

డబ్బు పెట్టాల్సిన చోట మాత్రం వెనకాడొద్దు. పప్పు, గుడ్లు, పాలు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2,000 కేలరీలు అవసరమైన మనిషికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ 400, నూనె 27 గ్రాములు. మన కంచాలు చూడండి, అన్నం కొండంత, పప్పు గరిటెడు. దీన్ని తిరగెయ్యడానికి పెద్ద ఖర్చవదు, అలవాటు మార్చుకోవాలి అంతే. నూనె కూడా గానుగదా ప్యాకెట్‌దా అని మథనపడేకంటే నెలకు ఎన్ని లీటర్లు అవుతోందో ముందు చూడండి. చిరుధాన్యాలు తప్పనిసరి కాదు, కావాలంటే చోళ్లు (రాగులు) ఒక్కటి చాలు, వేసవిలో అంబలి కాచుకోవచ్చు. తేనె మానేసినా నష్టం లేదు.

తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి. వీటి గురించి మీకు వేరే చెప్పాలా.

సహజం పేరుతో చెయ్యకూడనివి కూడా ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు మా అత్తగారు చిల్లగింజ అరగదీసి బిందెలో కలుపుతారు, పొద్దుటికి మడ్డి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. అయితే తేటపడినంత మాత్రాన క్రిములు చావవు. ఆ నీళ్లు వడకట్టి కాచి తాగుతాం, మీరూ అంతే చెయ్యండి. ఇంట్లో ఎవరైనా షుగరుకో బీపీకో మాత్రలు వేసుకుంటుంటే కషాయాలు నమ్ముకుని ఆపొద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్షా, మాత్రలూ ఉచితమే.

ఒక విషయం గట్టిగా చెబుతాను. ఈ పద్ధతిలో డబ్బు తగ్గుతుంది, పని పెరుగుతుంది. ఆకు దూయడం, దూట కోయడం, పరిగెలు బాగుచెయ్యడం, అంతా ఆడవాళ్ల నెత్తినే పడితే నెల తిరక్కుండా విసుగొస్తుంది. మా ఇంట్లో ఆకు దూసేది మా ఆయన, బచ్చలికి నీళ్లు పోసేది పిల్లలు. మీ ఆయనతో మొదటే మాట్లాడుకోండి. వేసవిలో కాలువలు కట్టేశాక కూరలు ప్రియమవుతాయి, ఆ నెలల కోసం శీతాకాలంలో లంక కూరలు చవగ్గా ఉన్నప్పుడే వరుగులు, వడియాలు పెట్టుకునే పని కూడా అందరిదీ కావాలి.

చివరికి ఆ ఆర్గానిక్ బియ్యం. రెట్టింపు ధర పెట్టి ప్యాకెట్ కొనొద్దు, పిల్లలకు అన్యాయమేమీ జరగదు. ఆ తేడా డబ్బుతో కందిపప్పు, గుడ్లు తెండి. మీ దగ్గరి ఊళ్లో ఎవరైనా జీవామృతంతో (ఆవు పేడ, మూత్రంతో చేసే ఎరువు) ప్రకృతి సేద్యం చేస్తుంటే మాత్రం ఒకసారి వెళ్లి చేను చూసి, కోతలకు ముందే మాట్లాడుకోండి. మధ్యలో షాపు లేకపోతే వాళ్లు అడిగే ధరకూ, మామూలు ధాన్యానికీ మీరు భయపడేంత తేడా ఉండదు. మేము మినుములు అలాగే తెచ్చుకుంటున్నాం.